ఇస్తాం అన్న మాట



నేను యాంగోన్‌లో లెక్కల టీచర్ని. మన పెద్దలు ఈ ఊరిని రంగం అనేవారు. ఆదివారం పూట మా పేట కోవెలలో పిల్లలకు తెలుగు చెబుతాను. నేను తెలుగు నేర్చుకున్నదీ ఆ కోవెల అరుగు మీదే. 1960లలో ప్రైవేటు బడులన్నిటినీ ప్రభుత్వం తీసుకుంది. ఆ తరువాత పుట్టిన నాలాంటివాళ్ళకు తెలుగు అక్షరాలు దొరికిన చోటు కోవెలే. అందుకే నాకు చిన్న వాక్యాలే వస్తాయి. మీలో చాలామంది కూడా ఇంట్లో విన్న భాషను పెద్దయ్యాక పుస్తకంలో వెతుక్కుంటున్నవారే. కనుక ఒకరికొకరం సర్దుకుందాం.

ఈసారి ఒక కాగితం ముక్క సంగతి చెబుతాను. అది నా అరచేతి కన్నా చిన్నది. 2018లో ఒక బర్మీ వార్తాపత్రిక నుంచి కత్తిరించాను. ఒక ప్రైవేటు బడి ఇచ్చిన ఉద్యోగ ప్రకటన అది. టీచర్లు కావాలి, చిన్న తరగతులకు సహాయకులు కావాలి అని ఉంది. అడుగున కొంచెం లావు అక్షరాలతో ఇంకో మాట ఉంది. విద్యా సంవత్సరం పూర్తిచేసిన వారందరికీ తింజాన్ పండుగకు ముందు రెండు నెలల జీతం బోనసుగా ఇస్తాం.

తింజాన్ అంటే మా దేశపు కొత్త సంవత్సరం. ఏప్రిల్‌లో వస్తుంది. అందరూ నీళ్ళు చల్లుకుంటారు. ఆ రోజుల్లో మా బడులు జూన్‌లో తెరిచేవారు. మార్చికల్లా పరీక్షలు, లెక్కలు అన్నీ ముగిసేవి. అంటే పది నెలలు పనిచేస్తే, పండుగ ఖర్చుకు రెండు నెలల జీతం చేతికి వస్తుందన్నమాట.

అప్పటికి నేను ప్రభుత్వ బడిలో ఇరవై మూడేళ్ళు పనిచేసి మానేశాను. దూరపు ఊరికి బదిలీ చేశారు. మంచం పట్టిన అమ్మను వదిలి వెళ్ళలేకపోయాను. 2011లో ప్రైవేటు బడుల చట్టం వచ్చాక యాంగోన్‌లో అలాంటి బడులు చాలా తెరిచారు. వాటిలో ఒకటి ఈ ప్రకటన ఇచ్చింది. నేను వెళ్ళాను, ఉద్యోగం ఇచ్చారు. అంతవరకూ అది నా ఒక్కదాని సంగతి.

కానీ నేను ఒక్కదాన్నే వెళ్ళలేదు.

మా వీధి చివర ఒకావిడ దోసెలు వేసి అమ్ముతుంది. బర్మావాళ్ళు దోసెను తోషే అంటారు. ఆవిడకు ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి నా ఆదివారం తరగతికి వచ్చేది. బడిలో అయితే టీచరమ్మను సయామా అని పిలుస్తారు. కోవెలలో ఆ పిల్ల నన్ను పిన్నీ అని పిలిచేది. 2018 నాటికి దానికి ఇరవై రెండేళ్ళు. లైంతాయాలో ఒక బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది. కానీ పిల్లలకు చదువు చెప్పాలని దాని కోరిక.

ఆ ఏడాదే ప్రభుత్వం కనీస కూలిని రోజుకు 3,600 చాట్ల నుంచి 4,800 చాట్లకు పెంచింది. చాట్ మా డబ్బు పేరు. ఓవర్‌టైము కలుపుకుని ఆ పిల్లకు నెలకు 1,80,000 చాట్లు వచ్చేవి. బడిలో సహాయకురాలి జీతం 1,50,000. నెలకు ముప్ఫై వేలు తక్కువ. నేను లెక్కల టీచర్ని కదా, దోసెల బండి పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. పది నెలలకు నష్టం 3,00,000. రెండు నెలల బోనసు 3,00,000. సరిగ్గా సరిపోయింది.

"పిన్నీ, నిజంగా ఇస్తారా?" అని అడిగింది.

"పేపర్లో అచ్చేశారు కదే. పైగా నేనున్నాను" అన్నాను.

ఆ పిల్ల ఫ్యాక్టరీ మానేసింది.

చేరిన నెలలోపే ఒప్పంద పత్రాలు వచ్చాయి. 2013 నాటి మా చట్టం ప్రకారం పనిలో పెట్టుకున్న ముప్ఫై రోజుల్లోపు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. బడి ఆ పని చేసింది. మూడు పేజీలు. నేను టీచర్ల గదిలో నిలబడే చదివి సంతకం పెట్టాను. ఆ పిల్ల మాత్రం ఇంటికి తీసుకెళ్ళి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. మర్నాడు నా దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, ఇక్కడ ఇస్తాం అని లేదు. ఇవ్వవచ్చు అని ఉంది."

బర్మీ భాషలో ‘పేమె’ అంటే ఇస్తాం. ‘పేనైన్’ అంటే ఇవ్వగలం, ఇవ్వవచ్చు. ప్రకటనలో మొదటిది. ఒప్పందంలో రెండోది. ‘బడి నిర్వాహకులు తమ ఇష్టం మేరకు బోనసు ఇవ్వవచ్చు’ అని ఉంది. ఎంత అన్నది లేదు. ఎప్పుడు అన్నది లేదు.

ప్రతి ఆదివారం పిల్లలకు ఇస్తాను, ఇచ్చాను, ఇవ్వవచ్చు అంటూ క్రియలు వల్లె వేయించేదాన్ని నేను. ఆ పిల్ల నా దగ్గర నేర్చుకున్నదే నాకు చూపించింది. నేనేమన్నానో తెలుసా? "అన్ని కాగితాల్లోనూ అలాగే రాస్తారులే" అన్నాను. ఆ పిల్ల సంతకం పెట్టింది.

ఏడాది బాగానే గడిచింది. ఆ పిల్ల చిన్న తరగతిలో ముప్ఫై మంది పిల్లల ముక్కులు తుడిచింది, టిఫిను డబ్బాలు కడిగింది, అక్షరాలు దిద్దించింది. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. జనవరిలో వాళ్ళమ్మ కంటికి ఆపరేషను చేయించింది. అందుకు 2,00,000 చాట్లు అప్పు తెచ్చింది, నెలకు నూటికి పది వడ్డీ. తింజాన్ ముందు తీర్చేస్తానని చెప్పి తెచ్చింది. ఆ అప్పు సంగతి నాకు తరువాత తెలిసింది.

మార్చి అయిపోయింది. ఏప్రిల్ మొదటి వారం కూడా అయిపోయింది. కవర్లు రాలేదు. మేం అడగడానికి వెళ్ళాం. అప్పటికి మేనేజరు మారాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఆ ప్రకటన పాత మేనేజరు ఇచ్చాడు, నాకు తెలియదు అన్నాడు. ఈ ఏడు పిల్లలు తగ్గారు అన్నాడు. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఇవ్వవచ్చు అని మాత్రమే ఉంది అన్నాడు. చివరికి నవ్వుతూ, "బోనసు బహుమతి కదా, బహుమతిని ఎవరైనా అడిగి తీసుకుంటారా?" అన్నాడు.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. బర్మీలో బోనసును ‘సుజే’ అంటారు. ‘సు’ అంటే బహుమతి. కనుక భాష ఆయన పక్షాన ఉన్నట్టే కనబడింది. మన ఇళ్ళలో పాతకాలం వాళ్ళు ఇనాం అనేవారు. అదీ బహుమతే. నాకు వెంటనే జవాబు తోచలేదు. తలవంచుకుని ఇంటికి వచ్చాను.

అప్పటికి మా నాన్న బతికే ఉన్నారు. ఎనభై దాటాయి. ఉత్తరాంధ్ర యాస ఆయన నోట చివరిదాకా పోలేదు. జరిగింది చెప్పాను. ఆ పిల్లను నేనే తీసుకెళ్ళానని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా అన్నారు.

"అయితే నువ్వు మేస్త్రీ పని సేసినావే అమ్మా."

ఈ మాట నాకు ఎందుకు తగిలిందో మీకు అర్థం కావాలంటే, మేస్త్రి అంటే ఎవరో చెప్పాలి. మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా పాఠకులకు ఇది కొత్త కావచ్చు. మీ పెద్దలు సర్కారు ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కారు. మా పెద్దల్లో ఎక్కువమంది మేస్త్రి మాట మీద, మేస్త్రి ఇచ్చిన బయానా మీద ఓడ ఎక్కారు. బయానా అంటే పనికి ముందే ఇచ్చే డబ్బు. తీసుకున్నవాడు ఇక కట్టుబడినట్టే.

మేస్త్రి చాలాసార్లు మన ఊరివాడే. మన భాషవాడే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి మనుషులను పోగుచేసేవాడు. టిక్కెట్టు డబ్బు, ఇంట్లో వదిలిపెట్టడానికి కొంత డబ్బు ఇచ్చేవాడు. రంగంలో బియ్యం మిల్లుల దగ్గర, రేవులో ఓడల దగ్గర పనికి పెట్టేవాడు. మిల్లువాళ్ళు చాలాచోట్ల కూలి డబ్బు కూలివాడి చేతికి ఇచ్చేవారు కాదు. మేస్త్రికి ఇచ్చేవారు. ఆయన తన బాకీ, తన వాటా పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు. పెద్ద మేస్త్రి కింద చిన్న మేస్త్రి ఉండేవాడు. డబ్బు ఎన్ని చేతులు మారితే అంత కరిగేది. ఇవన్నీ అప్పట్లోనే రాసిపెట్టినవారున్నారు. రంగూన్‌లో వలసదారుల రక్షణ శాఖలో పనిచేసిన ఆండ్రూ అనే అధికారి రంగూన్‌లోని ఇండియా కూలీల మీద రాసిన పుస్తకం 1933లో అచ్చయింది.

మా తాత భీమిలి దగ్గర పల్లె నుంచి 1920ల చివర వచ్చాడు. ధాన్యం సీజను మొత్తం మిల్లులో నిలబడితే కూలి కాక ఇరవై రూపాయలు ఇనాం ఇస్తానని మేస్త్రి చెప్పాడట. ఆ ఇరవై రూపాయలతో చెల్లెలి పెళ్ళి చేద్దామనుకున్నాడట. సీజను అయ్యాక మేస్త్రి లెక్క చెప్పాడు. టిక్కెట్టు, బియ్యం, పంచె, గుడిసె అద్దె అన్నీ కూలిలోంచి పోయాయి. ఇనాం సంగతి అడిగితే, "నేనెప్పుడు సెప్పినాను?" అన్నాడట. మా తాత ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఒక సామెత కూడా చెప్పేవాడని నాన్న అనేవారు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య. మీరు తెలుగు పుస్తకంలో ఈ సామెత చదివే ఉంటారు. అవసరం తీరేదాకా గౌరవం, తీరాక తిట్టు అని దాని అర్థం. మా ఇంట్లో అది సామెతలా ఉండేది కాదు. జరిగిన సంగతిలా ఉండేది. ఓడలో తమ్ముడూ అని పిలిచిన మనిషి, ఒడ్డు మీద ఓరీ అని పిలిచాడు.

మా తాత ఎందుకు ఎదురు తిరగలేదు? చిన్నప్పుడు నాన్నను ఇలాగే అడిగేదాన్ని. పెద్దయ్యాక చదివితే కొంత తెలిసింది. 1859లో బ్రిటిష్ ఇండియాలో ఒక చట్టం చేశారు. బయానా తీసుకుని పని చేయని పనివాణ్ణి కోర్టుకు ఈడ్చవచ్చు. పని చెయ్యి లేదా డబ్బు తిరిగి కట్టు అని కోర్టు చెబుతుంది. అప్పటికీ వినకపోతే మూడు నెలల దాకా జైలు. మరి పనివాడికి ఇస్తానన్నది ఇవ్వని యజమానికి ఏమిటి? ఆ చట్టంలో ఆయనకు జైలు లేదు. ఇద్దరూ మాట ఇచ్చారు. ఒకరు తప్పితే నేరం, ఇంకొకరు తప్పితే దావా వేసుకో అన్నారు. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఆ చట్టాన్ని 1925లో రద్దు చేశారు. అంటే మా తాత వచ్చేనాటికి చట్టం పోయింది. భయం మాత్రం పోలేదు. కాగితం చదవలేని మనిషికి చట్టం రద్దయిందని ఎవరు చెబుతారు?

ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలి. ఇది మన పెద్దల గొప్ప చెప్పుకోవడానికి కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల పని ఆగకుండా కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. వాళ్ళు పెళ్ళాం పిల్లలతో, ఇక పని దొరికిందన్న ఆశతో వచ్చారు. మే 26న కంపెనీలు తెలుగు కూలీలతో రాజీకి వచ్చి, బర్మా కూలీలను ఇక మీరు అక్కరలేదు పొమ్మన్నాయి. రేవులో ఎగతాళి మాటలు, ఆ వెంటనే కొట్లాట. అది ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది మన కూలీలే. మాట తప్పింది కంపెనీలు. కొట్టుకున్నది ఇద్దరు పేదవాళ్ళు. ఈ ఊళ్ళో పుట్టి, బర్మా పిల్లలకు పాఠాలు చెప్పి బతికే నేను ఆ సంగతిని రెండు వైపుల నుంచీ చూడాలి. ఆ బర్మా కూలీలకూ ఎవరో ‘పేమె’ అనే ఉంటారు.

మీ దేశాల సంగతులు నాకు పుస్తకాల వల్లే తెలుసు. ఫిజీ ఒప్పందంలో మగవాడికి రోజుకు ఒక షిల్లింగు అని రాశారు. కానీ అప్పజెప్పిన పని అంతా అయితేనే ఆ షిల్లింగు. పని కొలత పెద్దది, కాబట్టి చాలామందికి అది పూర్తిగా చేతికి రాలేదు. మారిషస్‌లో ఒకరోజు రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్ని ‘డబుల్ కట్’ అనేవారు. చూడండి, ఎక్కడా ఎవరూ ఇవ్వం అనలేదు. ఇస్తాం అన్నారు, పక్కన ఒక షరతు పెట్టారు. షరతు అంటే ‘ఇలా జరిగితేనే’ అని పెట్టే నియమం. ఈ మాట బాగా నేర్చుకోండి. మన ముత్తాతల బతుకులు ఈ మాట మీద నడిచాయి.

నాన్న నన్ను మేస్త్రి అన్నది ఇందుకే. నాకు వాటా రాలేదు, నిజమే. కానీ మేస్త్రికి ఉన్నదేమిటి? ఊళ్ళో నమ్మకం. నాకూ అదే ఉంది. ఆ పిల్ల ఆ బడిని నమ్మలేదు. పేపరునూ నమ్మలేదు. నన్ను నమ్మింది. నేనున్నాను అన్నాను కదా. బడి చెప్పిన మాటకు నేను నా మాటను అరువిచ్చాను.

ఆ రాత్రి బీరువాలో వెతికి ఆ ప్రకటన ముక్క తీశాను.

మర్నాడు మేం పన్నెండు మందిమి కూర్చుని ఉత్తరం రాశాం. అందులో కోపం మాటలు రాయలేదు. ప్రకటన తేదీ రాశాం, ఇంటర్వ్యూలో ఎవరెవరికి ఏం చెప్పారో రాశాం, ఒప్పందంలో ఏముందో అదీ దాచకుండా రాశాం. దాన్ని బడికి ఇచ్చాం. పది రోజులు జవాబు లేదు. అప్పుడు టౌన్‌షిప్ కార్మిక కార్యాలయానికి వెళ్ళాం. మా దేశంలో 2012 చట్టం ప్రకారం ఇలాంటి తగాదాను ముందు టౌన్‌షిప్ స్థాయిలో రాజీకి కూర్చోబెడతారు.

అక్కడి అధికారి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివాడు. ప్రకటన పిలుపు మాత్రమే, సంతకం పెట్టింది ఒప్పందం మీద అన్నాడు. అయితే ప్రకటన చూపించే ఇంటర్వ్యూలో మాట ఇచ్చారా అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఇండియాలోనూ మా దేశంలోనూ ఈ రోజుకీ అదే. ఆ చట్టం ప్రకారం నోటి మాట కూడా ఒప్పందం కాగలదు. కానీ నోటి మాటను రుజువు చేయాలి. పన్నెండు మందిలో ఏడుగురం చెప్పగలిగాం.

మేనేజరుకు నేను చెప్పలేకపోయిన జవాబు కూడా నాకు చట్టంలోనే దొరికింది. 1936లో, బర్మా ఇండియా నుంచి విడిపోవడానికి ఒక ఏడాది ముందు, వేతనాల చెల్లింపు చట్టం చేశారు. వేతనం అంటే ఏమిటో అందులో మొదటే చెప్పారు. ఒప్పందం ప్రకారం రావలసిన బోనసు కూడా వేతనమే. ఆ చట్టం మా దేశంలో ఎనభై ఏళ్ళు నిలిచింది. 2016లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం కూడా మంచి పనికి ఇచ్చే బోనసును వేతనంలోనే లెక్కపెట్టింది. అంటే ఎంత, ఎప్పుడు, ఎవరికి అని మాట ఇచ్చిన తరువాత ఆ బోనసు ఇక బహుమతి కాదు. అది వాయిదా వేసిన కూలి. ఇష్టం మేరకు ఇవ్వవచ్చు అని రాసినప్పుడే అది బహుమతి. మా తగాదా అంతా ఈ రెండింటి మధ్యే. ప్రకటన కూలి అంది, ఒప్పందం బహుమతి అంది.

మూడు వారాల తరువాత రాజీ కుదిరింది. అందరికీ అర నెల జీతం. వచ్చే ఏడాది ఒప్పందంలో బోనసు ఎంతో, ఎప్పుడో రాస్తారు. రెండు నెలలు రావలసిన చోట అర నెల. దాన్ని గెలుపు అని మీకు చెప్పను.

ఆ పిల్లకు 75,000 చాట్లు వచ్చాయి. అప్పటికి దాని బాకీ వడ్డీతో కలిపి 2,80,000. ఇంకా 2,05,000 కావాలి. నా దాచుకున్న డబ్బు తీసుకుని దోసెల బండి దగ్గరికి వెళ్ళాను. తీసుకోవే అన్నాను. అది చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మీరిస్తే అది ఇనాం అవుతుంది పిన్నీ. నేనడిగింది నా కూలి."

వాళ్ళమ్మ కూడా వద్దంది. చివరికి అప్పుగా తీసుకోవడానికి ఒప్పుకుంది, వడ్డీ లేకుండా. ఆ పిల్లే ఒక కాగితం తీసుకుని తెలుగులో రాసింది. నెలకు పదిహేను వేలు, ఏ తేదీన, ఎన్ని నెలలు అన్నీ రాసింది. ‘ఇస్తాను’ అని రాసి కింద సంతకం పెట్టింది. పద్నాలుగు నెలల్లో పూర్తిగా తీర్చింది. ఒక్క తేదీ కూడా తప్పలేదు. ఆ కాగితం కూడా నా దగ్గరే ఉంది. ప్రకటన ముక్క పక్కనే పెట్టుకున్నాను. ఒకటి అచ్చు అక్షరాలు, ఒకటి కలం అక్షరాలు. ఏది నిలబడిందో నాకు తెలుసు.

ఇప్పుడు మీ సంగతి. మీలో కొందరు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. మారిషస్ పాఠకులకు ఏడాది చివరి బోనసు చట్టం ఇచ్చిన హక్కు, ఏడాది సంపాదనలో పన్నెండో వంతు. ఇండియాలో బోనసు చట్టం కిందికి వచ్చేవారికి కనీసం 8.33 శాతం. అదీ పన్నెండో వంతే. అలాంటి చట్టం ఉన్నచోట మీకు కొంత ధైర్యం. కానీ ప్రకటనలో అంతకు మించి ఇస్తామంటే, అది ఎక్కడైనా మీరే అడిగి రాయించుకోవలసిన మాట.

కాబట్టి టీచరమ్మలా నాలుగు ముక్కలు చెబుతాను. ప్రకటనను దాచుకోండి, తేదీతో సహా. చేరేముందే అడగండి, ఎంత, ఎప్పుడు, ఏ షరతు మీద, నిర్ణయించేది ఎవరు. చెప్పిన జవాబును అదే రోజు ఉత్తరంలోనో ఫోన్ మెసేజీలోనో తిరిగి రాసి పంపండి. ఒప్పందంలో క్రియను చూడండి. ‘ఇస్తాం’ ఉందా, ‘ఇవ్వవచ్చు’ ఉందా? రెండోది ఉంటే, ఆ డబ్బు మీద అప్పు చేయకండి. నెల జీతం ఒక్కటే చాలుతుందా అని లెక్క వేసుకోండి. నేను ఆ రోజు వేయవలసిన లెక్క అదే.

ఇంకొకటి. మీ మాట మీద ఎవరినైనా పనిలోకి తీసుకెళ్ళేముందు ఆగి ఆలోచించండి. మేస్త్రిని తిట్టడం మనకు అలవాటు. మేస్త్రి కావడం ఎంత సులువో నాకు ఆ ఏడాది తెలిసింది. మంచి మనసుతో కూడా కావచ్చు.

నాన్న ఇప్పుడు లేరు. ఆ పిల్ల ఇప్పుడు వేరే బడిలో టీచరు. ఆదివారం నాకు వీలుకాకపోతే కోవెల తరగతి అదే చూసుకుంటుంది. క్రియల పాఠం మాత్రం తనకే వదిలెయ్యమంటుంది. పోయిన నెల నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. పలక మీద ‘ఇస్తాం’ అని రాసింది. ఇది రేపటి మాట అంది. పక్కన ‘ఇచ్చాం’ అని రాసింది. ఇది నిన్నటి మాట అంది. తరువాత పిల్లలను అడిగింది, "ఈ మాట నుంచి ఆ మాటకు వెళ్ళాలంటే మధ్యలో ఏం జరగాలి?"

ఒక చిన్న గుంటడు లేచి, "ఇవ్వాలి టీచర్" అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఓడ ఎక్కేముందు మీ ముత్తాతకో ముత్తవ్వకో ఎవరో ఏదో ఇస్తామని ఉంటారు. ఇంట్లో పెద్దలు ఉండగానే అడగండి. ఏం ఇస్తామన్నారు, ఏం ఇచ్చారు, ఈ రెండు ప్రశ్నలు చాలు. విన్నది మీకు వచ్చిన తెలుగులో రాసి ఈ పత్రికకు పంపండి. తప్పులుంటే ఉండనివ్వండి. నేను చదువుతాను.